ఆనవాలు

సంతకు పోయి తిరిగివచ్చిన ఒక వృద్ధ రైతు ఇంటి అరుగుమీద కూర్చుండి జేబు తడవి చూచుకొనెను. ఫోను లేదు. కండువా దులిపెను, సంచిలోని కూరగాయలను అరుగుమీద కుమ్మరించెను, ఎచ్చటను లేదు. ఆయన ముఖము వాడిపోయెను. ఫోను వెలను గూర్చి ఆయనకు అంత చింత లేదు. రెండేండ్ల క్రిందట గతించిన ఆయన భార్య కంఠస్వరము ఆ ఫోనులో ఉన్నది. పొలమునకు పోయిన భర్తకు "ఎండ ముదరకముందే ఇంటికి రండి" అని ఆమె ఒకనాడు పంపిన చిన్న మాట అది. ప్రతిదినము ప్రొద్దు గ్రుంకు వేళ ఆయన దానిని ఒక్కసారి వినుచుండెడివాడు.

ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమడు ఇది చూచి, "తాతయ్యా, దిగులు పడకు" అని తల్లి ఫోను తెచ్చెను. అందులో తాత పేరును, పాస్‌వర్డును వ్రాసి, పోయిన ఫోనును వెదకెడి సాధనమును తెరచెను. తెరమీద ఒక పటము కనిపించెను. ఆ పటములో ఒక చుక్క బస్సు డిపో వద్ద నిలిచియుండెను. తాత తన ఫోను మ్రోగకుండునట్లు చేసి మరచిపోయియుండుటచే మామూలుగా పిలిచిన ప్రయోజనము లేకపోయెను. అందుచే బాలుడు ఆ సాధనములోని మీట నొక్కెను. ఇరువది కిలోమీటర్ల దూరమున, ఖాళీ బస్సులో, సీటు క్రింద ఆ ఫోను బిగ్గరగా మ్రోగసాగెను. డిపోలో లెక్క అప్పగించుచున్న కండక్టరు ఆ ధ్వని విని దానిని తీసి భద్రపరచెను. మరునాటి ఉదయమున మొదటి బస్సులో ఫోను ఇల్లు చేరెను.

వృద్ధుడు సంతోషించెను. కాని ఆయన భూమిని నమ్మి బ్రతికిన మనుష్యుడు; దేనినైనను త్రవ్వి చూడనిదే ఊరకుండువాడు కాడు. "ఒరేయ్ నాయనా! ఇక్కడనుంచి నువ్వు పిలిస్తే అక్కడ అది పలికింది, బాగానే ఉంది. మరి పిలిచింది నువ్వేనని దానికి ఎట్లా తెలిసింది? ఇంకొకడు పిలిచినా పలుకుతుందా?" అని అడిగెను.

మనుమనికి వెంటనే సమాధానము తోచలేదు. అందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. ఆ ప్రశ్న చిన్నది కాదు. లోకమందలి పెద్ద పెద్ద సంస్థలు కూడ ఆ ప్రశ్న యెదుట తప్పటడుగు వేసిన సందర్భములు కలవు.

పోయిన ఫోనును వెదకెడి సాధనము పనిచేయు విధము తెలిసినగాని ఆ తప్పు తెలియదు. ఫోనులో ఒక చిన్న కార్యక్రమము కావలివానివలె కూర్చుండియుండును. దానినే యాప్ అందురు. ఆ ఫోనును తయారుచేసిన సంస్థవారి పెద్ద కంప్యూటరు వేరొక చోట ఉండును. దానిని సర్వరు అందురు. యజమాని తన పేరును, పాస్‌వర్డును తెలిపి సర్వరునకు తన కోరిక చెప్పుకొనును. సర్వరు ఆ కోరికను ఆజ్ఞగా మార్చి ఇంటర్నెట్టు ద్వారా కావలివానికి పంపును. కావలివాడు ఆ ఆజ్ఞను నెరవేర్చును.

ఆ ఆజ్ఞలలో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది, "నీవున్న చోటు చెప్పుము" అనునది. ఆకాశమున తిరుగుచున్న ఉపగ్రహములనుండి వచ్చు సంకేతములవలన ఫోను తానున్న తావును లెక్కకట్టి చెప్పగలదు. రెండవది, "మ్రోగుము" అనునది. మూడవది, "తాళము వేసికొనుము" అనునది. నాలుగవది, "నీలో ఉన్న సమస్తమును చెరిపివేయుము" అనునది. దొంగచేత చిక్కిన ఫోనులోని ఉత్తరములు, చిత్రములు, బ్యాంకు వివరములు వాని కంట పడుటకంటె నశించుటయే మేలని తలచి ఈ నాలుగవ ఆజ్ఞను ఏర్పరచిరి.

ఈ నాలుగును రక్షణ కొరకు పుట్టినవే. కాని కావలివానికి ఎంత అధికారమిచ్చిన, ఆ కావలివాడు పరుల మాట విన్ననాడు కీడు కూడ అంతయే కలుగును. ఇల్లు కాచువానికి ఇంటి తాళపుచెవులన్నియు తెలిసియుండును. కంచె లేని చేను పశువుల పాలగును. కంచెయే చేను మేసినచో ఇక దిక్కెవ్వరు? కావున ఇట్టి సాధనమునకు బలము కంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఆజ్ఞ యెవరినుండి వచ్చినదో పరీక్షించి తెలిసికొను వివేకమే అది.

ఈ వివేకమునకు తెలుగువారి ఇండ్లలో ఎల్లరును ఎరిగిన ఉదాహరణ రామాయణమున కలదు. అశోకవనమున హనుమంతుడు వచ్చి తాను రాముని దూతనని చెప్పగా, సీత వెంటనే నమ్మలేదు. ఒకసారి సన్యాసి వేషమును చూచి నమ్మి మోసపోయిన తల్లి ఆమె. వచ్చినవాడు మారువేషములోని రావణుడేమోయని శంకించెను. హనుమంతుడు రాముని లక్షణములను వర్ణించెను. జరిగిన కథ చెప్పెను. రాముని ఉంగరమును ఆనవాలుగా ఇచ్చెను. అప్పుడు గాని ఆమెకు నమ్మకము కలుగలేదు. ఆమె కూడ ఉత్త చేతులతో ఆతనిని పంపలేదు. తన చూడామణిని ఇచ్చెను. తనకును, రామునకును తప్ప ఇతరులకు తెలియని కాకి వృత్తాంతమును చెప్పి పంపెను. మాట తెచ్చినవాడు ఎంత మంచివాడుగా కనిపించినను ఆనవాలు అడిగియే నమ్మవలెనని ఈ కథ తెలుపుచున్నది. నేటి కంప్యూటరు శాస్త్రజ్ఞులు పాస్‌వర్డనియు, ఓ.టి.పి. యనియు, సంకేతపు సంతకమనియు పెక్కు పేర్లతో చెప్పునది ఈ ఆనవాలునే.

ఆనవాలు అడుగుట మరచిన కావలివాని సంగతి 2014 వ సంవత్సరమున బయటపడెను. దక్షిణ కొరియా దేశమునకు చెందిన సామ్‌సంగ్ సంస్థ తన ఫోనులలో "ఫైండ్ మై మొబైల్" అను పేర ఇట్టి సాధనమును ఉంచియుండెను. ఈజిప్టు దేశస్థుడైన మొహమ్మద్ అబ్దెల్‌బాసెట్ అను పరిశోధకుడు అందులో ఒక లోపమును కనిపెట్టెను. ఫోను యజమాని ఆ సంస్థవారి వెబ్‌సైటులో ప్రవేశించియున్న సమయమున, వంచకుడు పన్నిన వేరొక పుటను తెరచినచో, ఆ పుటలో దాగియున్న ఆజ్ఞ యజమాని ఆజ్ఞవలెనే ఫోనునకు చేరుచుండెను. ఫోను తాళము వేసికొనుచుండెను. ఆ తాళమునకు సంకేతము వంచకుడు పెట్టినది, యజమానికి తెలియనిది. తన ఫోను తన చేతిలో ఉండగనే యజమాని బయటివాడగును. అమెరికా ప్రభుత్వమువారి దోషముల పట్టికలో ఈ లోపమును నమోదు చేసిరి. ఫోను తనకు అందిన తాళపు సంకేతము ఎచ్చటినుండి వచ్చినదో సరిచూడకుండుటయే ఆ లోపమని అందు తెలిపిరి. తాత యడిగిన ప్రశ్నయే ఆ పట్టికలోనికి ఎక్కినదన్నమాట.

ఐదేండ్లు గడచినవి. అదే సాధనములో మరియొక లోపము కనిపించెను. ఈసారి దానిని కనిపెట్టినవాడు పోర్చుగల్ దేశమందలి చార్49 అను సంస్థలో పనిచేయు పెద్రో ఉంబెలినో. ఈ లోపము కథ మొదటిదానికంటె విచిత్రమైనది.

ఇల్లు కట్టునప్పుడు మేస్త్రీలు పరంజా వేయుదురు. ఆ పరంజా కర్రలను నిలుపుటకు గోడలో కన్నములు ఉంచుదురు. పని ముగిసిన పిదప కర్రలను తీసివేసి, కన్నములను పూడ్చి, సున్నము వేసి పోవుదురు. ఒక కన్నమును పూడ్చుట మరచిన, ఆ యింటిలో ఎంత గట్టి తలుపు పెట్టినను ఫలమేమి? యాప్‌లను వ్రాయువారు కూడ ఇట్లే తమ పనిని పరీక్షించుకొనుటకు లోపల కొన్ని తాత్కాలికపు ఏర్పాట్లు చేసికొందురు. పరీక్ష ముగిసిన పిమ్మట వానిని తొలగింపవలెను. ఆ కావలి యాప్‌లో అట్టి ఏర్పాటు ఒకటి మిగిలిపోయెను.

అది ఎట్టిదనగా, కావలివాడు తన యజమానియైన సర్వరు చిరునామా తెలిసికొనుటకు ముందుగా ఒక చిన్న ఫైలు ఉన్నదా యని చూచుచుండెను. ఆ ఫైలు ఉన్నయెడల అందు వ్రాసిన చిరునామానే తన సర్వరుగా భావించుచుండెను. ఆ ఫైలు ఉండవలసిన చోటు ఏది? ఫోనులో అనేక యాప్‌లు కలిసి వాడుకొను నిల్వ స్థలము. అది ఊరి చావడివంటిది. నిల్వ స్థలములో వ్రాయుటకు అనుమతి పొందిన యాప్ ఏదైనను అచ్చట ఒక ఫైలును ఉంచగలదు. తన దొర ఎవరో తెలిసికొనుటకు చావడి గోడమీది కాగితమును చదివెడి కావలివాని నేమనవలెను? దారిన పోవువాడు ఎవడైనను ఒక కాగితము వ్రాసి అంటించి, "నేటినుండి నేనే నీ దొరను" అనవచ్చును గదా!

ఈ కన్నమునకు తోడుగా మరికొన్ని లోపములు గొలుసువలె కలిసెను. దొంగ యాప్ ఒకటి ఏ ఆటరూపముననో, ఏ దీపము రూపముననో ఫోనులో ప్రవేశించి, నిల్వ స్థలము వాడుకొనుటకు మాత్రము అనుమతి అడిగి, ఆ ఫైలును ఉంచినచో చాలును. కావలి యాప్ అసలు సర్వరుతో మాటలాడుచున్నానని తలచి దొంగ సర్వరుతో మాటలాడును. దొంగ నడుమ నిలిచి ఇటు మాటలు అటును, అటు మాటలు ఇటును చేరవేయుచు, తన కిష్టమైనచోట మార్చివేయును. ఫోను ఎచ్చటెచ్చట తిరుగుచున్నదో చూడవచ్చును, ఎవరెవరితో మాటలాడినదో, ఏ సందేశములు వచ్చినవో తెలిసికొనవచ్చును, తాళము వేయవచ్చును, సమస్తమును చెరిపివేయవచ్చును. గెలాక్సీ ఎస్7, ఎస్8, ఎస్9 ప్లస్ అను ఫోనులపై పరీక్షించి, ఇది ఊహ కాదనియు, జరుగదగినదే యనియు ఆ పరిశోధకులు నిరూపించిరి.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆ వృద్ధ రైతును తలచుకొనవలెను. ఆయన ఫోనులోని ఆ చిన్న మాటకు అంగడిలో వెల లేదు. దొంగకు అది పనికిరాదు. కాని ఎవడో దూరదేశమున కూర్చుండి, కారణముండియో, కారణము లేకయో, ఆ నాలుగవ ఆజ్ఞను పంపినచో ఆ కంఠము మరల వినిపించదు. యంత్రమునకు అది కొన్ని అంకెలను తుడిచివేయుట మాత్రమే. ఆయనకు అది భార్యను రెండవసారి పోగొట్టుకొనుట.

ఇట్టిది నిజముగా జరుగునా యని సందేహము కలుగవచ్చును. జరిగినది. 2012 వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికాలోని వైర్డ్ అను పత్రికకు వ్రాయుచుండిన మాట్ హోనన్ అను విలేఖరి యొక్క ఫోనును, పలక కంప్యూటరును, మడత కంప్యూటరును గంటసేపటిలో దుండగులు తుడిచివేసిరి. వారు వాడినది ఆపిల్ సంస్థవారి వెదకెడి సాధనమే. అందులో గోడకు కన్నము లేదు; లోపము మనుష్యులలో ఉన్నది. దుండగులు ఒక సంస్థకు ఫోను చేసి తామే హోననులమని నమ్మించి, ఆయన క్రెడిట్ కార్డు చివరి నాలుగు అంకెలను సంపాదించిరి. ఆ నాలుగు అంకెలను, చిరునామాను ఆనవాలుగా చూపి మరియొక సంస్థవారిని నమ్మించి ఆయన ఖాతాలో ప్రవేశించిరి. వారు కోరినది ఆయన ట్విట్టరు పేరు మాత్రమే. ఆయన అడ్డుపడకుండుటకై యంత్రములను తుడిచివేసిరి. ఆ కంప్యూటరులో ఆయన పసికూతురు పుట్టినది మొదలు తీసిన చిత్రములు ఉండెను. వానికి వేరొక ప్రతి లేదు. ఆయన నిపుణులను ఆశ్రయించి, చాల ధనము వెచ్చించి, చిత్రములలో పెక్కింటిని తిరిగి సంపాదింపగలిగెను. అందరికిని ఆ అదృష్టము పట్టదు. తాను ప్రతులు తీసి ఉంచుకొనకపోవుట తన తప్పేయని ఆయన దాచక వ్రాసెను.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక సత్యము తేటపడును. ఒకచోట యంత్రము ఆనవాలు అడుగలేదు. వేరొకచోట మనుష్యులు అడిగిరి గాని, ఎవరికైనను దొరకదగిన దానిని ఆనవాలుగా అంగీకరించిరి. పలువురకు తెలిసినది ఆనవాలు కానేరదు. ఉంగరము అంగడిలో దొరకునదైనచో సీత దానిని నమ్మునా?

చార్49 సంస్థవారి కథలో చెప్పవలసిన భాగము ఇంకొకటి మిగిలియున్నది. అదియే విద్యార్థులు ముఖ్యముగా గ్రహింపదగినది. ఉంబెలినో ఆ లోపమును కనిపెట్టిన దినమున లెక్కలేనన్ని ఇండ్ల తాళపుచెవి ఆయన చేతికి వచ్చినట్లయ్యెను. దానిని దుర్మార్గులకు అమ్ముకొనవచ్చును. వెంటనే లోకమునకు చాటి కీర్తి పొందవచ్చును. ఆయన ఆ రెండును చేయలేదు. మొదట ఆ సంస్థవారికి లోపమును తెలియజేసిరి. 2019 వ సంవత్సరము అక్టోబరు నెలలో సంస్థవారు ఆ కన్నమును పూడ్చి, సవరించిన యాప్‌ను ఫోనులకు పంపిరి. ఆ పిమ్మట కూడ పరిశోధకులు తొందరపడలేదు. సవరణ అందరి ఫోనులకును చేరుటకు సుమారు తొమ్మిది నెలలు వేచియుండిరి. 2020 ఆగస్టులో డెఫ్ కాన్ అను భద్రతా నిపుణుల సభలో, కోవిడ్ కారణమున ఆ యేడు ఇంటర్నెట్టు ద్వారా జరిగిన ఆ సభలో, లోపము పుట్టుపూర్వోత్తరములను వివరించిరి.

పూడ్చిన కన్నమును గూర్చి మరల చెప్పుట ఎందులకని కొందరు అడుగవచ్చును. ఒక మేస్త్రీ చేసిన తప్పు తెలిసిననే గదా పదిమంది మేస్త్రీలు తమ గోడలను చూచుకొందురు! దాచిన తప్పు మరల జరుగును. చెప్పిన తప్పు పాఠమగును. ముందుగా ఇంటివానికి చెప్పుట, కన్నము పూడువరకు నోరు మెదపకుండుట, పిదప అందరికిని తెలుపుట అను ఈ మూడును ఈ విద్యలోని సత్సంప్రదాయములు. తలుపు తెరచియున్నదని చూచినవాడు లోపలికి పోడు. ఇంటివానిని పిలిచి, "అయ్యా, మీ తలుపు తెరచియున్నది" అని చెప్పును. భారతదేశమున ఇట్టి లోపములను విని తగిన చర్య తీసికొనుటకు సెర్ట్-ఇన్ అను ప్రభుత్వ సంస్థ 2004 వ సంవత్సరమునుండి పనిచేయుచున్నది.

మరి సామాన్యుడు చేయదగినదేమి? సంస్థవారు సవరణ పంపినప్పుడు రేపు, ఎల్లుండి యని త్రోసివేయక దానిని స్వీకరింపవలెను. పూడ్చుటకు వచ్చిన మేస్త్రీని గుమ్మమునుండి పంపివేసినవాని గోడ ఎట్లు బాగుపడును? ఏ యాప్ అయినను అనుమతి అడిగినప్పుడు, దీనితో దానికి పనియేమియని ఆలోచింపవలెను. దీపము వెలిగించు యాప్‌నకు నిల్వ స్థలముతో పనిలేదు. ఓ.టి.పి.ని అడిగినవాడు ఎంత తీయగా మాటలాడినను చెప్పరాదు. అది ఉంగరమును ఊడదీసి ఇచ్చుటయే. అన్నిటికిని మించి, పోయినచో తిరిగిరాని దానిని ఒక్కచోటనే ఉంచరాదు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొని లాభము లేదు.

వృద్ధ రైతు ప్రశ్నకు మనుమడు సమాధానము తెలిసికొని వచ్చుటకు నాలుగు దినములు పట్టెను. పాఠశాలలో అడిగి, గ్రంథాలయములో చదివి, విన్నంతయు తాతకు చెప్పెను. తాత శ్రద్ధగా విని, "అయితే సీతమ్మ అడిగినట్టు అడగాలన్నమాట" అనెను. కొంతసేపు ఊరకుండి, "మరి మన ఆనవాలు ఏమిటిరా?" అని అడిగెను.

మనుమడు తలవంచుకొనెను. తాత ఫోనునకు పాస్‌వర్డుగా ఆ బాలుడే ఇంటి ఎద్దు పేరు పెట్టియుండెను. ఆ పేరు ఊరిలో ఎరుగనివారు లేరు. ప్రతి ఉదయము తాతయే దానిని వీధి మారుమ్రోగునట్లు పిలుచుచుండును.

ఆ సాయంకాలమే ఇద్దరును అరుగుమీద కూర్చుండి క్రొత్త పాస్‌వర్డు ఏర్పరచిరి. ఆగియున్న సవరణను స్వీకరించిరి. వెలుతురు కొరకని తెచ్చుకొని వాడక విడిచిన యాప్‌లను రెండింటిని తీసివేసిరి. పిదప ఆ చిన్న మాటకు ప్రతులు తీసి, ఒకటి తల్లి ఫోనులోను, ఒకటి పెన్‌డ్రైవులోను ఉంచిరి. పెన్‌డ్రైవును వృద్ధుడు భూమి కాగితములున్న రేకు పెట్టెలో దాచి తాళము వేసెను.

ప్రొద్దు గ్రుంకెను. తాత యథాప్రకారముగా ఫోను చేత పట్టుకొని మీట నొక్కెను. "ఎండ ముదరకముందే ఇంటికి రండి" అని ఆ కంఠము పలికెను. మనుమడు లేచి దీపము వేసెను.